అనాథ ట్యూబు

పోయిన వారం ఎక్కడ ఆగామో గుర్తుంది కదా? మరిచిపోయినవారి కోసం, ఈ వారమే పత్రిక చేతికొచ్చినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్దాం.

చిట్టికి ఏడో నెల నిండుతోంది. ఇది రెండో కాన్పు. మొదటి కాన్పులో నెత్తురు బాగా పోతే, ఎవరో దానం చేసిన రక్తం ఎక్కించి బతికించారు. బతికించిన ఆ రక్తమే ఆమె ఒంట్లో ఒక తగువు మిగిల్చి పోయింది. అలాంటి రక్తం మళ్ళీ ఎక్కడ కనపడినా దాని మీద పడి విరగ్గొట్టే యాంటీబాడీలు తయారయ్యాయి. కడుపులో బిడ్డకి తండ్రి రక్తం పోలిక వస్తే, తల్లి యాంటీబాడీలు ఆ బిడ్డ రక్తాన్నే పరాయిదనుకుంటాయి. అందుకని నెలనెలా చిట్టి రక్తం తీసి వాటి బలం కొలవాలన్నారు. ఆ కొలతని ఆసుపత్రిలో టైటర్ అంటారు. అంకె చిన్నగా ఉన్నంతకాలం భయం లేదు. పదహారుకి చేరిందా, ఆ రోజే స్కానింగ్ డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాలి. నెలనెలా రక్తం తీశారు. నెలనెలా రిపోర్టులో నాలుగే వచ్చింది. ఇల్లంతా నిశ్చింతగా ఉంది.

అదే ఆసుపత్రి బిల్లింగులో పనిచేసే చిట్టి వాళ్ళక్క వేరే పని మీద ల్యాబుకి వెళ్ళి, మాటవరసకి చెల్లెలి సంగతి ఎత్తింది. అప్పుడు ల్యాబావిడ అన్న మాట దగ్గర మనం ఆగాం. "మీ చెల్లెలి టైటరా? మూడో నెల తర్వాత నేను చెయ్యనే లేదే!"

అక్క నవ్వేసింది. "మీరు పొరబడుతున్నారు. ప్రతి నెలా రిపోర్టు వస్తోంది. మొన్న వచ్చినదాంట్లో కూడా నాలుగే ఉంది."

"ఆ నాలుగు మూడో నెలది. నేనే కొలిచాను, బాగా గుర్తుంది. ఆ తర్వాత ఆమె ట్యూబు నా చేతికే రాలేదు," అంది ల్యాబావిడ. ఆవిడ గుసగుసలాడితే వరండా చివరిదాకా వినపడుతుంది, మామూలుగా మాట్లాడితే కింది అంతస్తు దాకా వెళ్తుంది. అందుకే ఆసుపత్రంతా ఆవిణ్ణి మైకమ్మ అంటారు. ఈ మాట మాత్రం ఆవిడ చాలా మెల్లగా అంది.

"మరి తీసిన రక్తం ఏమైనట్టు? నేనే దగ్గరుండి తీయించాను కదా. మొన్న సోమవారం కూడా తీశారు."

మైకమ్మ ఫ్రిజ్ తలుపు తెరిచి, వంగి, అడుగు అరలోంచి ఒక నీలం ర్యాకు బయటికి లాగింది. నిండా ట్యూబులు.

ఈ ఆసుపత్రిలో పని నడిచే తీరు ఒకటుంది, అది తెలిస్తే గానీ ఆ ర్యాకు సంగతి అర్థం కాదు. డాక్టరు చీటీ చూసి కింద గదిలో రక్తం తీస్తారు. ఈలోపు బిల్లింగువాళ్ళు ఆ పరీక్షకున్న కోడు కొడతారు. బీమా కంపెనీ సరేనంటే ఆ కోడు ల్యాబు తెర మీదకి ఎక్కుతుంది. తెర మీద కోడు ఉంటేనే పరీక్ష ఉన్నట్టు. లేకపోతే ట్యూబులో రక్తం ఎర్రగా కళ్ళెదుట కనపడుతున్నా అది ఎవరిదీ కాదు. అలాంటి ట్యూబుల్ని వారం పాటు అడుగు అరలో ఉంచి, ఎవరూ అడక్కపోతే చెత్తసంచిలో వేస్తారు. ఆ అరలోని ర్యాకుకి ల్యాబువాళ్ళు పెట్టుకున్న పేరు అనాథల ర్యాకు. పేరు పెట్టి నవ్వుకున్నారు కూడా, పాపం ఎవరికి తట్టిందో ఆ తెలివి.

చిట్టి ట్యూబు మూడో వరసలో దొరికింది. స్టిక్కరు మీద చెల్లెలి పేరు, సోమవారం తేదీ. మూత ఎవరూ విప్పలేదు. అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. ఇంకొకరైతే అక్కడే ఏడ్చేవారు. ఈవిడకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"దీన్ని ఇప్పుడే చెయ్యండి."

"కోడు లేకుండా మెషీను తీసుకోదమ్మా."

"మెషీను ఎవరిక్కావాలి? మీకు చేతులున్నాయి కదా. చేత్తో చెయ్యండి."

"చేత్తో అయితే గంట పైనే పడుతుంది."

"పడనివ్వండి. ఇంతకాలం ఆగింది, ఇంకో గంట ఆగుతుంది." అక్క గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. మైకమ్మ అప్పటికే చేతి తొడుగులు వేసుకుంటోంది.

"మీ చెల్లెలు బాగానే ఉంది కదా?" అని అడిగింది తల ఎత్తకుండా.

"బాగానే ఉంది. పొద్దున్న కూడా ఫోన్ చేసింది. పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు రాత్రిళ్ళు తన్ని చంపేవాడట. ఈసారి బుద్ధిగల బిడ్డ అక్కా, నన్ను హాయిగా నిద్రపోనిచ్చింది అని ఒకటే నవ్వు," అని చెప్పి అక్క మెట్లవైపు నడిచింది.

బిల్లింగు గది నేలమాళిగలో ఉంటుంది. పక్కనే దుప్పట్లు ఉతికే గది, ఆ ఆవిరి గోడ దాటి వస్తుంది కాబట్టి ఏ కాలంలోనైనా ఉక్కగానే ఉంటుంది. కిటికీ ఒక్కటే, అదీ పైకప్పుకి ఆనుకుని, అత్యవసర విభాగం గేటు దగ్గర నేలమట్టానికి తెరుచుకుంటుంది. అందులోంచి చూస్తే వచ్చేపోయే వాళ్ళ కాళ్ళు తప్ప ఇంకేమీ కనపడవు. చెప్పులు, బూట్లు, స్ట్రెచరు చక్రాలు. ఆ గదిలో అందరికీ పైఅధికారి బాబాయి.

బాబాయి అంటే వరసకి బాబాయి కాదు, సొంత బాబాయే. తండ్రి పోయినప్పుడు అక్కకి పదేళ్ళు, చిట్టికి నాలుగు. ఆ ఇద్దరినీ, వదినగారినీ తన ఇంటికి తెచ్చుకుని, పిన్ని ఒక్క మాట అనకుండా చూసుకుని, పెంచి పెద్ద చేసిన మనిషి. అక్కకి ఈ ఉద్యోగం వేయించిందీ ఆయనే. వంటింట్లో బల్ల మీద కూర్చోబెట్టి ఈ పని నేర్పిందీ ఆయనే. మొదటి రోజు చెప్పిన పాఠం ఆమెకి ఇప్పటికీ గుర్తే. "నోటితో ఎన్నయినా చెప్పొచ్చు అమ్మడూ. కోడు మాత్రం అబద్ధం ఆడకూడదు. చేసిన పనికి కోడు, చెయ్యని పనికి సున్నా."

ఆ పాఠం చెప్పిన మనిషి ఇప్పుడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"బాబాయ్, చిట్టి టైటర్ కోడ్లు ఎవరు చూస్తున్నారు?"

"నేనే. ల్యాబువన్నీ నా దగ్గరే కదా. ఏం?"

"నాలుగో నెల నుంచి ఏం చేశావు వాటిని?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. గదిలో మిగతా ఇద్దరూ కీబోర్డుల మీద వంగిపోయారు. అక్కకి కోపం వస్తే గదిలో ఉండటం ఆరోగ్యానికి మంచిది కాదని వాళ్ళకి అనుభవం.

"ముందు కూర్చో. అరవకు."

"నేను ఇంకా అరవలేదు. నిలబడే వింటాను, చెప్పు."

"చెప్పడానికేముంది? టైటర్‌ని బీమావాళ్ళు కాన్పుకి ఒక్కసారే ఒప్పుకుంటారు. రెండోసారి కొడితే ఇదివరకే చేశారని వెనక్కి కొడతారు. అందుకని జత కట్టాను."

"జత కట్టడం అంటే?"

"నీకు తెలీదా? నువ్వు ఆపరేషన్ల బిల్లులే చూస్తావు కాబట్టి అవసరం రాలేదు. రెండో కోడుని తీసుకెళ్ళి మొదటిదానికి తగిలిస్తాం. రెండూ కలిపి ఒకే పరీక్ష అన్నమాట. వెనక్కి రాదు, పేచీ ఉండదు." ఆయన గొంతులో ఒకలాంటి గర్వం కూడా వినపడింది. తను కనిపెట్టిన ఉపాయం మరి.

"తోక ఉంది కదా! మళ్ళీ చెయ్యాల్సి వచ్చిన పరీక్ష అయితే కోడు చివర రెండంకెల తోక తగిలించాలి, డాక్టరు కారణం రాయాలి. నువ్వు నాకు నేర్పిందే!"

"నేర్పాను. నేర్పినప్పుడు రోజులు వేరు. ఇప్పుడు తోక పెట్టిన ప్రతిదానికీ డాక్టరు సంతకం కోసం వారాలు తిరగాలి. తోకలు ఎక్కువైతే బీమావాళ్ళు మన బిల్లులన్నీ అనుమానంగా చూస్తారు. అవి ఆగిపోతే ఆ భారం ఎవరి నెత్తిన పడుతుంది? రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్ళ నెత్తిన. ఒకావిడ ఇక్కడే, నువ్వు నిలబడ్డ చోటే, మెళ్ళో గొలుసు తీసి నా బల్ల మీద పెట్టింది. ఆ రోజే అనుకున్నాను, ఇంకెవరితోనూ ఈ పని చేయించకూడదని. నేను నా జేబులో వేసుకోలేదమ్మడూ. పదిమందికి మేలు చేశాను."

ఆ మాట అబద్ధం కాదు. అక్కకి తెలుసు, అబద్ధం కాదని. అందుకే ఆమె కోపం ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియక తడబడింది. తిట్టాల్సిన మనిషి దుర్మార్గుడైతే ఎంత సులువు! అన్నం తినిపించిన చేతిని తిట్టాలంటేనే కష్టం.

"నువ్వు బిల్లులు జత కట్టావు. మరి పరీక్ష?"

"పరీక్షకేం? పరీక్ష ల్యాబువాళ్ళు చేస్తారు. నేను పరీక్ష ఆపమన్నానా? నాది బిల్లు వరకే."

"లే ఆ కుర్చీలోంచి."

"ఏంటీ?"

"లే బాబాయ్. నీకు ఒకటి చూపిస్తాను."

ఆయన లేచాడు. అక్క కూర్చుంది. తెర మీద చిట్టి పేరు తెచ్చింది. టైటర్ కోడు కొత్తగా ఒకటి కొట్టింది. దాన్ని మూడో నెల కోడుకి తగిలించి జత కట్టింది. తర్వాత రిపోర్టు కావాలని నొక్కింది. మూలనున్న ప్రింటరు గురక పెట్టి, ఒక కాగితం బయటికి తోసింది. అక్క లేచి వెళ్ళి ఆ కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"చదువు."

ఆయన చదివాడు. చిట్టి పేరు. యాంటీబాడీ టైటర్, నాలుగు. కింద ఇవాళ్టి తేదీ.

"చిట్టి రక్తం ఇప్పుడు పైన మైకమ్మ చేతిలో ఉంది. ఆవిడ ఇంకా కొలుస్తూనే ఉంది. నీ కంప్యూటరుకి మాత్రం అప్పుడే తెలిసిపోయింది, నాలుగని! ఎలా తెలిసింది బాబాయ్? రెండూ ఒకే పరీక్ష అని నువ్వు చెప్పావు, అది నమ్మింది. ఒకే పరీక్ష అయినప్పుడు మళ్ళీ చెయ్యడం దేనికని ల్యాబు తెర మీదకి పంపలేదు. ఫలితం ఉన్నదే కదా అని పాత అంకె కింద కొత్త తేదీ కొట్టింది. నాలుగు నెలలుగా అది పాత కాగితమే మళ్ళీ మళ్ళీ ఇస్తుంటే, మనందరం పళ్ళికిలించుకుంటూ ఇంటికి తీసుకెళ్ళాం. పిన్ని దాన్ని చూసి దణ్ణం పెట్టుకుంది!"

ఇప్పుడు అరిచింది. ఉతుకు గదిలో వాళ్ళు కూడా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

బాబాయి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "నాకు తెలీదు అమ్మడూ," అన్నాడు. "ఇలా అవుతుందని నాకు తెలిస్తే చేస్తానా? అదీ చిట్టికి?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ముసలితనం వచ్చేసింది ఈయనకి, ఎప్పుడొచ్చిందో మరి అనుకుంది. తెలియక చేశాడు. తెలియక చేసిన మనిషిని ఎంతని తిడతాం? ఆమె చెయ్యి దానంతట అదే కుర్చీని ఆయనవైపు జరిపింది. ఆయన కూర్చోబోయాడు.

"తెలీదంటారేంటి సార్?"

గుమ్మంలో మైకమ్మ. ట్యూబుల్ని వెచ్చటి నీళ్ళలో పెట్టి, ఫలితం తేలేలోపు ఉండబట్టలేక మెట్లు దిగి వచ్చేసింది. చేతి తొడుగులు కూడా తీయలేదు. ఇక్కడి అరుపులన్నీ మెట్లమీదే వినేసింది.

"నేను మీకు చెప్పాను సార్. లిఫ్టు దగ్గర. ఈమధ్య అనాథ ట్యూబులు ఎక్కువవుతున్నాయి, అన్నీ కడుపుతో ఉన్నవాళ్ళవే, మీ దగ్గర ఏదో తేడా జరుగుతోంది, చూడండి అని చెప్పాను. మీరేమన్నారు?"

బాబాయి కళ్ళజోడు తీసి మళ్ళీ తుడవసాగాడు.

"ఏమన్నాడు?" అంది అక్క.

"వాటిలో చాలావరకు ఎప్పుడు చేసినా అదే అంకె వస్తుందమ్మా, మళ్ళీ మళ్ళీ కొలిచి ఏం బావుకుంటాం, చూసీ చూడనట్టు పో అన్నారు."

అక్క ముందు మైకమ్మవైపే తిరిగింది.

"చెప్పి? చెప్పి ఊరుకున్నారా? ఊరంతా వినపడే గొంతు కదా మీది! చీటికీ మాటికీ వరండాలు దద్దరిల్లిపోతాయి కదా! ఈ ఒక్క మాటకి లిఫ్టు దగ్గర గుసగుసలా? వారం వారం ఆ ట్యూబుల్ని చెత్తలో వేస్తున్నప్పుడు మీ చేతులు ఎలా వచ్చాయండీ?"

మైకమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఆ గొంతు అంతసేపు మూగబోవడం ఆ ఆసుపత్రిలో ఎవరూ ఎరగరు.

"ఆవిణ్ణి ఏమీ అనకు," అన్నాడు బాబాయి. "నేను విన్నాను. విని ఊరుకున్నాను. కానీ అందులో చిట్టి కూడా ఉందని నాకు తట్టలేదు. ఒట్టు. రోజుకి ఎన్ని వస్తాయో నీకు తెలుసు. నేను పేర్లు చూడను అమ్మడూ. అంకెలే చూస్తాను. చిట్టి పేరు చూసి ఉంటే..."

"చూసి ఉంటే?"

ఆయన చూపు తెర మీదకి తిప్పుకున్నాడు.

"చెప్పు. చిట్టి పేరు చూసి ఉంటే జత కట్టేవాడివి కాదు. తోక పెట్టేవాడివి. డాక్టరు గుమ్మం ముందు గంటలకొద్దీ నిలబడి సంతకం తెచ్చేవాడివి. అంతేనా? అంటే మిగతావాళ్ళవి ఫరవాలేదన్నమాట. వాళ్ళకి బాబాయిలు లేరు కాబట్టి!"

"అమ్మడూ..."

"ఆ గొలుసు తీసిన ఆవిడ గొలుసు మిగిల్చావు సరే. ఆవిడ బిడ్డ సంగతేంటి? ఎప్పుడైనా అడిగావా? నీకు ఆ కిటికీలోంచి కనపడేవి కాళ్ళే కదా. ఎవరు నడిచి వెళ్ళారో, ఎవరిని మోసుకెళ్ళారో నీకేం తెలుసు? చేసిన పనికి కోడు, చెయ్యని పనికి సున్నా. ఎవరు చెప్పారు నాకు ఆ మాట? నువ్వు సున్నా పెట్టినా బాగుండేది బాబాయ్. సున్నా చూస్తే ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, ఈమెకి పరీక్ష ఎందుకు జరగలేదని. నువ్వు నాలుగు పెట్టావు!"

ఆమె ఆయన చేతిలోని కాగితం లాక్కుని ఉండచేసి బల్ల మీద కొట్టింది. అది దొర్లుకుంటూ పోయి ఆయన ఒళ్ళో పడింది. ఆయన దాన్ని తీసి పారెయ్యలేదు. మెల్లగా విప్పి, మడతలు సాపు చేస్తూ కూర్చున్నాడు.

మైకమ్మ జేబులో గడియారం కీచుమంది. "టైమయింది," అని ఆవిడ మెట్లవైపు పరుగెత్తింది. అక్క వెనకాలే వెళ్ళింది. బాబాయి కూడా లేచాడు. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు.

ల్యాబులో బల్ల మీద చిన్న చిన్న గాజు ట్యూబులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. చిట్టి రక్తంలోంచి తీసిన తేట నీటిని మైకమ్మ ఒక్కో ట్యూబులో సగానికి సగం పలచన చేసుకుంటూ పోయింది. మొదటిదానికి రెండు, తర్వాతదానికి నాలుగు, ఆపైన ఎనిమిది. అన్నింటిలోనూ తెలిసిన రకం రక్తకణాలు వేసి, వెచ్చబెట్టి, కడిగి, ఆఖరి మందు చుక్క కలిపి గిర్రున తిప్పింది. ఇప్పుడు మెల్లగా కదిపి చూడాలి. అడుగున ఎర్రగా ముద్ద కట్టిందా, యాంటీబాడీ ఇంకా పని చేస్తున్నట్టు. ముద్ద విడిపోయి పొగలా కరిగిందా, అక్కడితో దాని బలం అయిపోయినట్టు. చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది, పెద్ద చదువు అక్కర్లేదు.

మైకమ్మ మొదటి ట్యూబు దీపానికి ఎదురుగా పట్టుకుని కదిపింది. ముద్ద.

నాలుగు. ముద్ద.

"ఇక్కడే ఆగాలి. మూడో నెలలో ఇక్కడే ఆగింది," అంది ఆవిడ.

ఎనిమిది. ఎర్రటి ముద్ద, గట్టిగా, కదపకముందు ఎలా ఉందో అలాగే ఉంది.

పదహారు. ముద్ద. మైకమ్మ ఆ ట్యూబుని పక్కన పెట్టి తర్వాతది తీసింది. ముప్పై రెండు. అరవై నాలుగు. నూట ఇరవై ఎనిమిది. అక్క బల్ల అంచు పట్టుకుంది. బాబాయి పెదాలు కదులుతున్నాయి. జీవితమంతా అంకెలతో బతికిన మనిషి, ప్రతి ట్యూబుకీ ఆగమ్మా ఆగు అని గొణుగుతున్నాడు.

రెండు వందల యాభై ఆరు దగ్గర ముద్ద కొంచెం వదులైంది. ఆ తర్వాతదాంట్లో విడిపోయింది.

మైకమ్మ ఆ ట్యూబు కింద పెట్టకుండానే ఇంకో చేత్తో ఫోన్ అందుకుంది. స్కానింగ్ డాక్టరమ్మకి రెండే మాటలు చెప్పి, ఫోన్ అక్కకి ఇచ్చింది.

"ఆమె ఎక్కడుంది ఇప్పుడు?" డాక్టరమ్మ గొంతు తొందరగా ఉంది.

"ఇంట్లో. ఇక్కడికి అరగంట దూరం."

"వెంటనే బయల్దేరమనండి. బిడ్డ తలలో రక్తం ఎంత వేగంగా పారుతోందో చూడాలి. ఒంట్లో నెత్తురు తక్కువైతే కడుపులో ఉండగానే ఎక్కించాల్సి వస్తుంది. నేను గది సిద్ధం చేయిస్తాను. ఇంకో మాట. బిడ్డ కదలికలు ఎలా ఉన్నాయి?"



పొద్దున్న ఫోన్లో చెల్లెలి నవ్వు అక్క చెవిలో మోగింది. బుద్ధిగల బిడ్డ అక్కా. ఆ నవ్వుకి తను కూడా నవ్వింది. నీ పోలిక రాలేదులే, అదృష్టం అని వెక్కిరించింది కూడా. డాక్టరమ్మ హలో హలో అంటూనే ఉంది. అక్క ఆ ఫోన్ మైకమ్మ చేతిలో పెట్టి తన ఫోన్ తీసింది.

రెండోసారి మోగగానే చిట్టి ఎత్తింది. "ఏంటక్కా, ఆఫీసులో పనేం లేదా?"

"చిట్టీ, నేను అడిగేదానికి సూటిగా చెప్పు. బిడ్డ ఆఖరిసారి ఎప్పుడు కదిలింది?"

"కదలడమా? నిన్న..." ఆగింది. "నిన్న సాయంత్రం బాబుకి స్నానం చేయిస్తున్నప్పుడు ఒకసారి... అదేలే అక్కా, పడుకుని ఉంటుంది. ఏం? రిపోర్టు బాగానే ఉంది కదా?"

"మీ ఆయన ఉన్నాడా ఇంట్లో? కారు తియ్యమను. ఇప్పుడే. చీర మార్చుకోకు, ఏమీ సర్దుకోకు. ఎడమవైపుకి తిరిగి వెనక సీట్లో పడుకో. చెయ్యి పొట్ట మీదే పెట్టుకో. ఫోన్ పెట్టెయ్యకు."

"అక్కా, ఏమైంది?"

"వచ్చాక చెప్తాను. ముందు లే!"

బాబాయి అప్పటికే జేబులోంచి తాళాలు తీశాడు. "నేను ఎదురెళ్తాను. దారిలో కలుస్తాను. నా బండి గేటు దగ్గరే ఉంది."

"నువ్వు వద్దు."

"అమ్మడూ, అది నా చేతుల మీద పెరిగింది!"

"తెలుసు. అందుకే చెప్తున్నాను. నువ్వు కిందికి వెళ్ళు. నువ్వు కట్టిన ఆ జతలన్నీ విప్పు. ఎవరెవరి బిడ్డలు ఇంకా కడుపులో ఉన్నారో చూసి, ఒక్కొక్కరికీ నువ్వే ఫోన్ చెయ్యి. వేరేవాళ్ళతో చేయించకు. అంకెలు చూసి చెయ్యకు బాబాయ్. పేరు చదివి, పేరు పెట్టి పిలిచి, నీ కాగితం అబద్ధమని నీ నోటితో చెప్పు."

ఆయన ఆమె ముఖం చూసి, తాళాలు బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

అక్క గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఫోన్ చెవికి ఆనించే ఉంది. అవతల కారు తలుపు పడిన చప్పుడు, చిట్టి భర్త ఎవరినో తప్పుకోమని అరవడం, హారన్లు. కాళ్ళ దగ్గర నేలమట్టాన ఉన్న చిన్న కిటికీ తెరిచి ఉంది. అందులోంచి బాబాయి గొంతు వినపడుతోంది. ఒక పేరు చదివాడు. మీరేనా అమ్మా అన్నాడు. నేనిచ్చిన కాగితం అబద్ధమమ్మా అన్నాడు. మాట్లాడుతూ ఆయన ఒకసారి తల ఎత్తి చూసి ఉంటే, ఆ కిటికీ బయట నిలబడ్డ ఆ రెండు కాళ్ళు ఎవరివో గుర్తుపట్టేవాడే.

"అక్కా," అంది చిట్టి ఫోన్లో.

"ఉన్నానే. చెప్పు."

"చెయ్యి పెట్టే ఉంచాను. తట్టి కూడా చూశాను." చిట్టి గొంతులో నవ్వు ఎక్కడా లేదు. "ఏమీ లేదు అక్కా."